కంప్యూటరు పూచీ ఎందువలన చెల్లకపోవును?

సికింద్రాబాదునకు ఈశాన్యముగా నున్న కాప్రా నేడు నగరములో కలిసిపోయినది. కాప్రా పురపాలక సంఘము 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమయ్యెను. అయినను ఆ ప్రాంతపు ప్రజలు తమ చిరునామా చెప్పునపుడు కాప్రా పేరుకంటె ఇ.సి.ఐ.ఎల్. పేరునే ముందుగా చెప్పుదురు. కేంద్ర అణుశక్తి శాఖ క్రింద 1967లో నెలకొల్పబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అక్కడ నున్నది. ఆ సంస్థను తీర్చిదిద్దిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి పేరనే ప్రక్కనున్న ఎ.ఎస్.రావు నగర్ వెలసినది. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అను కంప్యూటరును ఈ సంస్థ 1969లో తయారు చేసెను. మన దేశముననే రూపకల్పన జరిగి, మన దేశముననే తయారైన తొలి కంప్యూటర్లలో అది యొకటి.

ఆ ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా సమీపమున గత వానకాలములో మేము చూచిన యొక సంఘటనయే ఈ వ్యాసమునకు కారణము. యాదాద్రి భువనగిరి జిల్లాకు చెందిన యొక గ్రామ పంచాయతీ కార్యదర్శి కీసర మీదుగా ఆటోలో కంప్యూటరు పెట్టెను తెచ్చి, ఒక కంపెనీవారి సర్వీసు సెంటరు బల్లపై నుంచెను. యంత్రము కొని 14 నెలలైనది. పూచీ గడువు మూడు సంవత్సరములు. అనగా ఇంకను 22 నెలల గడువు మిగిలియున్నది. బల్ల కావలనున్న యువకుడు పెట్టెను ఇటునటు త్రిప్పి, వెనుక మర మీద నంటించిన చిన్న కాగితపు ముద్ర చినిగియుండుటను వ్రేలితో చూపి, "సీలు తెగింది సార్. వారంటీ రాదు" అనెను. మదర్‌బోర్డు మార్చుటకు ఎంత అగునో ఒక చీటీపై వ్రాసి యిచ్చెను. కార్యదర్శి మారుమాట లేక పెట్టెను మరల ఎత్తుకొనెను.

ఆయనతో మేము మాటలాడితిమి. పంచాయతీలో ఉన్నది ఆ యొక్క యంత్రమే. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ పద్ధతిలో ఆర్థిక సంఘపు నిధుల చెల్లింపులు కంప్యూటరు ద్వారానే జరుగుచున్నవి కదా. చేతిపంపులు బాగుచేసిన మనిషికి రావలసిన డబ్బు రెండు వారములుగా నిలిచిపోయినదట. అతడు ఉదయమున నొకసారి, సాయంకాలమున నొకసారి పంచాయతీ గడప యొద్ద నిలుచుచున్నాడట. ముద్ర చినిగిన కథ కూడ ఆయన దాచలేదు. యంత్రము మందకొడిగా నున్నదని ఒక వార్డు సభ్యుని మేనల్లుడు ఆరు నెలల క్రిందట పెట్టె తెరచి, ర్యామ్ అను జ్ఞాపకపు పలకను ఒకదానిని అదనముగా అమర్చెను. మంచి ఉద్దేశముతోనే చేసెను. యంత్రము వేగము పుంజుకొన్నది కూడ. కాని ముద్ర మాత్రము చినిగినది.

పంచాయతీ సభ్యులు ముందుగా తెలిసికొనవలసినది ఈ పూచీ యనగా నేమన్నది. వారంటీ యనుడు, గ్యారంటీ యనుడు, వస్తువును తయారు చేసినవాడు మనకు వ్రాసి యిచ్చిన వాగ్దానమది. సరకులోగాని, పనితనములోగాని లోపమున్నచో ఇంతకాలములోపల సొమ్ము తీసికొనకుండ బాగుచేసెదను, లేదా మార్చి యిచ్చెదను అనుటయే దాని సారాంశము. సంతలో ఎడ్లను కొనునపుడు అమ్మువాడు పండ్లు చూపి, నడిపించి, రోగము లేదని చెప్పును. పది దినములలో పాతరోగము బయటపడినచో అతనిని నిలదీయవచ్చును. మనము తోలుకొని పోవునపుడు ఎద్దు గోతిలో పడి కాలు విరిగినచో అతనిని అడుగుటకు వీలులేదు. కంప్యూటరు పూచీ కూడ ఇట్టిదే. అయితే ఎద్దు కాలు విరుగుట పదిమంది కండ్లకు కనబడును. మదర్‌బోర్డు ఎందుకు చెడినదో కంటికి కనబడదు. కావున లోపము తయారీలోనిదా, మన చేతిలోనిదా అని నిర్ణయించుటకు కంపెనీవారు పైకి కనబడు గుర్తులను వెదకుదురు. ముద్ర చినుగుట, అంకె చెరుగుట, తుప్పు, మసి - ఇవియే వారికి సాక్షులు. పూచీ చెల్లదను మాటకు వెనుక చాలమారులు జరుగునది ఇదియే: లోపము తయారీదారునిదే యని చూపుటకు మనకు గల సాక్ష్యము మన చేతులతోనే చెరిగిపోవును.

అన్నిటికంటె కఠినముగ చూడబడునది యంత్రపు వరుస సంఖ్య. సీరియల్ నంబరు అని పిలువబడు ఈ అంకె పెట్టె వెనుకనో, అడుగుననో ఒక చీటీపై ముద్రింపబడి యుండును. లోపలి భాగములకును వేర్వేరుగా నుండును. ఈ చీటీ ఊడినను, చెరిగినను, వేరొక యంత్రపు చీటీ అంటించినను కంపెనీలు పూచీని పూర్తిగ త్రోసివేయును. ఏలయన అది తాము అమ్మిన యంత్రమేనా యన్నది కూడ తెలియకపోవును. పంచాయతీ ఆస్తియని చూపుటకై యంత్రముపై రంగుతో పేరు వ్రాయించుట మంచిదే కాని, ఆ రంగు ఈ చీటీ మీదనే పడిన పెట్టెలను మేము ఒకటికి మించి చూచితిమి.

ముద్రకాగితము సంగతి వేరు. కొన్ని కంపెనీలు ర్యామ్‌ను, హార్డ్‌డిస్క్‌ను కొన్నవారే మార్చుకొనుటకు తమ షరతులలోనే అనుమతించును. కొన్ని తమ మనుష్యులు తప్ప మరెవ్వరును మరలు విప్పరాదని వ్రాయును. కావున తెరచుటకు పూర్వము ఆ కంపెనీ షరతుల కాగితము చదువుట తప్ప వేరు మార్గము లేదు. రైతులకు మోటారు విషయము తెలిసినదే. గడువులోనున్న మోటారు కాలినపుడు, ప్రక్క ఊరి మెకానిక్కు వైండింగు విప్పిన పిదప కంపెనీకి పంపినచో ఏ సమాధానము వచ్చునో చెప్పనక్కరలేదు. పైగా చెడిన భాగమును విప్పినవాడు బాగుచేయలేక మరల బిగించి పంపినచో, మొదటి లోపమునకు రెండవ లోపము తోడగును. ఏది ఎవరిదో చెప్పుట నిపుణునికి కూడ కష్టము.

నీరు, విద్యుత్తు, పురుగు - మన గ్రామ కార్యాలయములలో కంప్యూటర్లకు నిజమైన శత్రువులు ఈ మూడే. కార్యాలయపు కప్పు కారుట, కిటికీనుండి జల్లు పడుట, బల్లమీది టీ గ్లాసు ఒరుగుట ఎవరికిని క్రొత్త కాదు. అనేకమైన లాప్‌టాప్‌లలో తడి తగిలిన రంగు మారు చిన్న చుక్కలుండును. తెల్లని చుక్క ఎఱ్ఱనైనచో తడి తగిలినదని సర్వీసువారికి తెలియును. ఆరబెట్టినంత మాత్రమున అది తిరిగి తెల్లబడదు. విద్యుత్తు విషయమున మన పాలు అలక్ష్యము మరింత ఎక్కువ. మూడు కాళ్ళ ప్లగ్గులోని పెద్ద కాలు ఎర్తింగు కొరకు. గోడలోని ఆ రంధ్రమునకు తీగయే కలుపని కార్యాలయములు కలవు. వోల్టేజి ఒక్కసారిగ పెరిగినపుడు గాని, పిడుగు పడినపుడు గాని కాలిన భాగములకు పూచీ వర్తింపదని చాల కంపెనీలు స్పష్టముగ వ్రాయుచున్నవి. పిడుగు కరెంటు తీగ వెంటనే వచ్చునని అనుకొనరాదు. ఇంటర్నెట్టు తీగ వెంట కూడ వచ్చును. ఉరుములు మెరుపులు మొదలైనపుడు రెండు తీగలును ఊడదీయుట అటెండరు పని యని పంచాయతీ నిర్ణయించినచో ఖర్చేమియు లేదు. ఇక పురుగుల మాట. వెచ్చదనము కొరకు బల్లులు, చీమలు, బొద్దింకలు పెట్టె వెనుక సందులనుండి లోనికి చేరును. విద్యుత్తు పెట్టెలో బల్లి కాలి చచ్చిన సందర్భములు మరమ్మతుదారులందరకు తెలియును. దీనికి పూచీ లేదు. వాడని సందులను మూతలతో మూయుట, యంత్రమును నేలమీదగాక బల్లమీద నుంచుట చాలును. అయితే గాలి పీల్చు జాలీని మాత్రము గుడ్డతో కప్పరాదు.

వేరొక సంస్థ చార్జరు వాడుటచేత కాలినది, ప్రయాణములో పెట్టె క్రిందపడి పగిలినది, నియమితమైన వేగమునకు మించి యంత్రమును నడిపించినది - వీనికిని పూచీ ఉండదు. ఈ చివరిదానితో పంచాయతీలకు పనిలేదు.

మరికొన్నింటికి పూచీ రద్దగుట యన్న ప్రశ్నయే రాదు, మొదటినుండియు లేదు గనుక. వైరసు చేరుట, ప్రోగ్రాములు పాడగుట హార్డువేరు పూచీలోనికి రావు. బ్యాటరీలకు, ప్రింటరు సిరాగొట్టములకు ప్రత్యేకముగ తక్కువ గడువు వ్రాయబడి యుండును, యు.పి.ఎస్. కు రెండు సంవత్సరములు చెప్పి అందలి బ్యాటరీకి అంతకంటె తక్కువ చెప్పుట కలదు. హార్డ్‌డిస్క్ చెడినచో క్రొత్త డిస్కు ఇచ్చెదరు గాని, అందులోని ఇంటి పన్ను లెక్కలు ఇయ్యరు. కావున యంత్రమును సర్వీసుకు పంపుటకు ముందు లెక్కలకు నకలు తీయవలెను. సర్పంచుగారి డిజిటల్ సంతకపు టోకెనును తప్పక ఊడదీసి పంచాయతీ బీరువాలో నుంచవలెను. చెక్కు పుస్తకమును సంతకము చేసి ఎవరికిని అప్పగింపము కదా, ఇదియు నట్టిదే.

గడువు ఎప్పటినుండి లెక్కింపబడును? కొన్ని కంపెనీలు బిల్లు తేదీనుండి, కొన్ని తమ గోదాము నుండి సరకు వెడలిన తేదీనుండి లెక్కించును. దుకాణములో ఆరు నెలలు ముసుగు తీయక పడియున్న యంత్రమునకు మన కాగితములలో మూడేండ్లున్నను కంపెనీ లెక్కలో రెండున్నరయే ఉండవచ్చును. వరుస సంఖ్యను కంపెనీ వారి సైటులో వేసి చూచినచో గడువు తేదీ కనబడును. కొన్న వారములోనే చూచి, తేడా యున్నచో బిల్లు నకలు పంపి సరిచేయించుకొనవలెను; మూడవ సంవత్సరమున చెప్పినచో వినువాడుండడు. 2016లో ఆరంభమైన ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్ ద్వారా కొన్నచో పూచీ కాలము, మన కార్యాలయమునకే వచ్చి బాగుచేయుదురా లేదా యను సంగతి ఒప్పందపత్రములోనే ఉండును. అట్టి ఒప్పందమున్నపుడు పెట్టెను ఆటోలో మోసికొనిపోవలసిన అవసరమే ఉండదు. మన కార్యదర్శి ఒప్పందములో ఆ షరతు ఉన్నదని తరువాత తేలినది!

సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల భాగములను విడివిడిగ కొని యంత్రమును కూర్పించుకొనువారు ఒక సంగతి గమనింపవలెను. అట్టి యంత్రమునకు ఒకే పూచీ ఉండదు. ప్రతి భాగమునకు దాని కంపెనీ పూచీ వేరుగ నుండును, బిల్లులో ప్రతి భాగపు అంకెయు వ్రాయింపవలెను. విదేశములలో కొని తెచ్చిన సరకు విషయమున మరియొక చిక్కు కలదు. తన ప్రాసెసర్లకు భారతదేశమున పూచీ కావలెనన్నచో ఇచ్చటి అధీకృత పంపిణీదారుల యొద్దనే కొనియుండవలెనని ఇంటెల్ సంస్థ 2016లో చేసిన నియమముపై ఒక ఫిర్యాదు రాగా, కాంపిటీషన్ కమిషన్ 2019 ఆగస్టులో దర్యాప్తునకు ఉత్తర్వు చేసెను. తయారీదారుడు వ్రాసిన షరతునంతటిని వేదవాక్యముగ తీసికొననక్కరలేదని దీనివలన తెలియుచున్నది.

తయారీదారుడు తప్ప ఇతరులు ముట్టరాదను వాదమునకు సికింద్రాబాదులోనే ఒక పాత సమాధానమున్నది. ఐ.బి.ఎం. సంస్థ 1978లో మన దేశమును విడిచి వెళ్ళినపుడు, దేశమంతట నున్న ఆ సంస్థ యంత్రములను నడపి బాగుచేయు భారము 1975లో స్థాపింపబడిన ప్రభుత్వ సంస్థయగు సి.ఎం.సి. పై పడెను. కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అనునదే దాని మొదటి పేరు. ఆ సంస్థ పరిశోధన విభాగము సికింద్రాబాదు సరోజినీదేవి రోడ్డున నుండెను. తాము తయారుచేయని యంత్రములను మన ఇంజనీర్లు నడిపించి చూపిరి. సి.ఎం.సి. 2015లో వేరొక కంపెనీలో కలిసిపోయినది గాని, యంత్రము తయారించుట వేరు, బాగుచేయుట వేరు అను సంగతి అప్పుడే రుజువైనది.

అమెరికాలో 1975 నాటి చట్టము ప్రకారము తమ భాగములనే వాడవలెను, తమ యొద్దనే బాగుచేయించవలెను అను షరతును పూచీకి ముడిపెట్టుట సాధారణముగ చెల్లదు. అచ్చటి వాణిజ్య సంఘము 2018లో, ముద్ర తీసినచో పూచీ పోవుననుట వంటి షరతులు వ్రాయుచున్న ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపెను. మన దేశమున ఇంత స్పష్టముగ ముద్రకాగితమును గూర్చి చెప్పు చట్టము లేదు. అయినను కొన్నవాడు నిరాయుధుడు కాడు. కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టలును ఆరంభించెను. సెల్‌ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులతో బాటు వ్యవసాయ పరికరములు కూడ అందులో చేరియున్నవి. అంతకంటె ముఖ్యమైనది 2019 నాటి వినియోగదారుల సంరక్షణ చట్టము. తప్పుత్రోవ పట్టించు పూచీ నిచ్చుట, నెరవేర్చు ఉద్దేశము లేని మరమ్మతు వాగ్దానము చేయుట ఈ చట్టము క్రింద అనుచిత వాణిజ్య పద్ధతులు. బిల్లు ఇయ్య నిరాకరించుట కూడ అట్టిదే.

ముద్ర చినిగినదనగానే వెనుదిరుగుటకు ముందు ఒక్క ప్రశ్న వేయవలెను: చినిగిన ముద్రకును చెడిన భాగమునకును గల సంబంధమేమి? ఒక సంగతి జరిగినదని వాదించువాడే దానిని నిరూపింపవలెననుట సాక్ష్య చట్టపు సామాన్య సూత్రము. ఆ ప్రశ్నను నోటితో అడిగినచో నోటిమాటయే సమాధానముగ వచ్చును. అందుచేత తిరస్కరణకు కారణమును వ్రాతపూర్వకముగ కోరవలెను. సర్వీసు రిపోర్టుపై తేదీ, ఫిర్యాదు సంఖ్య, ఏ భాగము చెడినది, ఏ షరతు ప్రకారము నిరాకరించుచున్నారు అను నాలుగు సంగతులు ఉండవలెను. వ్రాయవలసి వచ్చినపుడు మనుష్యులు కొంచెము ఆలోచింతురు. ఇది మా అనుభవము.

అప్పటికిని ఫలితము లేనిచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 అను నంబరుపై ఫోను చేయవచ్చును. తరువాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. వస్తువునకు చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు మించనంతవరకు జిల్లా కమిషనే విచారించును. 5 లక్షల వరకు ఫీజు లేదు. ఫిర్యాదిదారు నివసించు చోటనే, లేదా పనిచేయు చోటనే వేయవచ్చును గనుక కంపెనీ యున్న నగరమునకు తిరుగనక్కరలేదు. వివాదము పుట్టిన నాటినుండి రెండు సంవత్సరములలోపల వేయవలెను. వకీలు లేకయే వాదించుకొనవచ్చును. లోపమున్నదో లేదో పరీక్షింపక తేలనిచో కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపగలదు. కావుననే వివాదము నడచుచుండగా యంత్రమును ఇంకొకని చేత తెరిపింపరాదు. షరతే అన్యాయమైనదని, అనగా అది అనుచితమైన ఒప్పందమని వాదింపదలచినచో మాత్రము జిల్లా కమిషన్‌కు ఆ అధికారము లేదు. రాష్ట్ర కమిషన్‌కు పోవలెను.

ఆ కార్యదర్శికి మేము చెప్పినది పెద్ద ఉపాయమేమియు కాదు. బిల్లు నకలు, ఒప్పందపు నకలు జతచేసి, పంచాయతీ ముద్రతో ఒక లేఖ వ్రాయుమంటిమి. అదనపు ర్యామ్ పెట్టిన సంగతిని దాచక వ్రాయుమంటిమి. ఆ పలకను తీసివేసినను యంత్రము నడువకున్నదని కూడ వ్రాయుమంటిమి. సర్పంచుగారు మొదట సంశయించిరట. "మనమే తెరిచినమని మనమే రాసిస్తే ఎట్ల?" అనిరట. లోపలనున్న రెండవ పలక కంపెనీ మనుష్యునకు ఎట్లును కనబడును గదా యని కార్యదర్శి నచ్చజెప్పెను.

లేఖ వెళ్ళిన తొమ్మిదవ దినమున ఒక ఇంజనీరు పంచాయతీ కార్యాలయమునకే వచ్చెను. అదనపు పలకను తీసి ప్రక్కన నుంచి, బోర్డును పరీక్షించి, విద్యుత్తును క్రమపరచు భాగమొకటి చెడినదనియు, పలక అమర్చిన చోట దెబ్బ ఏమియు లేదనియు వ్రాసెను. మరి పది దినములకు క్రొత్త బోర్డు వచ్చినది. మేనల్లుడు కొనిన పలకకు పూచీ లేదని రిపోర్టుపై వ్రాసి సంతకము తీసికొనిరి, అది న్యాయమే. ఇంజనీరు వెళ్ళునపుడు వెనుక మరపై క్రొత్త ముద్ర నంటించెను. కార్యదర్శి దానికి ఫోటో తీసి, యంత్రపు సంఖ్యను, క్రొత్త బోర్డు సంఖ్యను, గడువు తేదీని స్టాకు రిజిస్టరులో ఎక్కించెను. చేతిపంపుల మనిషికి ఆ సాయంకాలమే డబ్బు పంపిరి.